లాయరమ్మ వాటా

ఫోను మోగేసరికి శ్రీసత్య రెండు చేతులూ మోచేతుల దాకా నెత్తళ్ళ నీళ్ళలో ఉన్నాయి. మూడు నెలల కిందటి పెళ్ళి గాజులు ఆ నీళ్ళలో గలగలమంటుంటే, చేపలు కడుగుతున్నానన్న మాట మరిచిపోయి ఆ చప్పుడే వింటోంది.

"అత్తా, ఫోను! లాయరుగారిలా ఉంది!"

పక్కనే పీట మీద కూర్చుని ఉప్పు చల్లుతున్న పోతమ్మ ఎడమ చేత్తో ఫోను అందుకుంది. కుడి చేతి వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉంటాయి కాబట్టి, వంగిన వేలి కణుపుతో తెర మీద నొక్కింది. ఫోను తెచ్చి కోడలి చెవికి ఆనించింది.

"పోతమ్మగారి ఇల్లేనా? నేను కుసుమకుమారిని. ఆర్డరు వచ్చిందమ్మా, మన వైపే. ఎనిమిది లక్షలు నష్టపరిహారం, కేసు ఖర్చుల కింద ఇంకో ఇరవై వేలు. ఎల్లుండి సాయంత్రం ముగ్గురూ ఆఫీసుకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం."

శ్రీసత్య లేచి ఒక్క గెంతు గెంతింది. బేసిన్ ఒరిగి నీళ్ళు గడప దాటి వీధిలోకి పారాయి. అరుగు మీద కునుకుతున్న పిల్లి లేచి, తన అదృష్టం తనే నమ్మలేనట్టు నీళ్ళతో పాటు కొట్టుకొచ్చిన నెత్తళ్ళను చూసింది.

"ఏటే ఆ గెంతులు? ఉప్పొలికిపోతాది!"

"గెలిచాం అత్తా! కేసు గెలిచాం!" తడి చేతులతోనే అత్తని వాటేసుకుంది. పోతమ్మ ఆ వాటేసుకోడాన్ని కాసేపు భరించి, మెల్లగా విడిపించుకుంది.

"ఆ డాక్టరుదే తప్పని రాసినారేటి?"

"రాశారనే కదా! లేకపోతే డబ్బులెందుకిమ్మంటారు?"

"సెయ్యి పైకెట్టుకోకుండా పని సేసుకున్నానని, అందుకే వేళ్ళిలా అయిపోనాయని అన్నారు కదా ఆళ్ళ లాయరు. అది కాదని రాసినారా?"

"కాదనే, అత్తా. విరిగిన చేతికి సిమెంటు కట్టు బిగించేసి, నువ్వు నొప్పో అని ఏడుస్తున్నా పట్టించుకోలేదని రాసుంటారు."

పోతమ్మ తన కుడి చేతిని తిప్పి చూసుకుంది. "అయితే నా తప్పు కాదు," అంది నెమ్మదిగా, ఎవరికో చెబుతున్నట్టు. తర్వాత మళ్ళీ ఉప్పు చల్లడంలో పడింది. కానీ ఈసారి చల్లిన చోటే రెండుసార్లు చల్లింది.

శ్రీసత్య చెయ్యి తుడుచుకుని మొగుడికి కబురు పెట్టింది. ఉమామహేష్ పోర్టులో క్రేను నడుపుతాడు. అంత ఎత్తున కూర్చుని రోజూ మధ్యాహ్నం ఒక ఓడ ఫొటో తీసి పంపుతాడు, 'ఇవాళ నీ ఓడ ఇది' అని. ఈ మూడు నెలల్లో ఆమెకు బొగ్గు ఓడలు, ఎరువుల ఓడలు, ఒక తెల్లటి నేవీ ఓడ కూడా సొంతమయ్యాయి. ఇవాళ కాసేపటికే జవాబు వచ్చింది. తుప్పు పట్టిన ఎర్ర ఓడ, కింద ఒకే మాట: 'ఇది మా అమ్మకి.'

ఆ ఫొటో పోతమ్మకి చూపించింది. "ఇంత తుప్పుదా?" అంది పోతమ్మ. అన్నాక నవ్వు ఆపుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

* * *

పోలిరాజు ఒడ్డు నుంచి వచ్చేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. భుజం మీద చినిగిన వల చుట్ట, చేతిలో కూరకి తెచ్చిన సావిళ్ళు. తాళ్ళకి గుచ్చిన వెండి రిబ్బన్లలా మెరుస్తున్న ఆ చేపలను గడపలో పెట్టి, కోడలు చెప్పింది నిలబడే విన్నాడు. వల దించాడు. సింహాచలం కొండ ఉన్న వైపుకి తిరిగి చేతులు జోడించాడు.

"అప్పన్న తండ్రీ!" అన్నాడు. ఆ తర్వాత అన్న మొదటి మాట: "లాయరమ్మ వాటా ముందు తీసి పక్కనెట్టాల."

రాత్రి కూరకి ముందు ఆయన చేపలు కోసే చెక్కని దగ్గరికి లాక్కుని, సావిళ్ళలోంచి ఎనిమిది ఏరి వరసగా పరిచాడు. ఒక్కోటి ఒక్కో లక్ష. శ్రీసత్యకి నవ్వొచ్చింది, చిన్నప్పుడు చింతగింజలతో ఆడిన ఆట గుర్తొచ్చి. గాజువాకలో పెరిగిన పిల్ల. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగంలో చేరిననాడే సముద్రానికి దణ్ణం పెట్టేశాడు. పడవ లెక్కలు ఆమెకి పెళ్ళయ్యాకే తెలుస్తున్నాయి.

"నాలుగు లాయరమ్మకి." నాలుగు చేపలు చెక్క అంచుకి జరిపాడు.

"సగమా మావయ్యా!"

"మరేటి? పడవెట్టినోడికి సగం, ఎక్కినోళ్ళందరికీ సగం. ఈ కేసు పడవ ఆవిడది. నడిపింది ఆవిడ. మనం ఎక్కి కూకున్నాం, అంతే."

"ఆవిడ సగం అని చెప్పారా?"

పోలిరాజు తలెత్తి చూశాడు. కోపం కాదు. ఈ పిల్లకి ఇంకా చాలా నేర్పాలి అన్నట్టు చూశాడు. "వాటా నోటితో సెప్పరు, అమ్మా. అడగరు కూడా. మొదటి రోజున ఇరవై వేలు తీసుకుని, ఖర్చులు వేరే అన్నాది. సరే, డీజిలుకి ముందిచ్చినట్టు ఇచ్చీసినాను. ఇప్పుడు వల ఒడ్డుకొచ్చినాది. వాటా ఇవ్వాల. ఎగ్గొట్టినోడి పడవ ఎవుడెక్కుతాడు మల్లీ?"

మిగిలిన నాలుగింట్లో రెండు పాత ఇంజను అప్పుకి వెళ్ళాయి. ఒకటి కొత్త వలలకి. చివరి చేపని ఆయన శ్రీసత్య వైపు జరిపాడు. "ఇది మావోడికి, నీకు. పోర్టు దగ్గర ఇల్లు సూసుకుంటామన్నారు కదా."

శ్రీసత్య బుగ్గలు వేడెక్కాయి. పోర్టు దగ్గర ఒక గది, చిన్న బాల్కనీ, అక్కడ నుంచి కనిపించే క్రేన్లలో మొగుడిది ఏదో గుర్తు పట్టడం: ఆ కల ఆమె ఎవరికీ చెప్పలేదు, మహేష్‌కి తప్ప. అతను వెంటనే నాన్నకి చెప్పేసినట్టున్నాడు. అతని మీద ముద్దూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

అప్పటి దాకా గోడకి ఆనుకుని కూర్చున్న పోతమ్మ లేచింది. కుడి చెయ్యి కొంగు కింద ఉంది. ఎడమ చేత్తో ఎనిమిది చేపలనీ ఒక్కసారి ఊడ్చి గిన్నెలో వేసుకుంది.

"పంపకాలైపోతే సేపలిలాగియ్యండి. పులుసెట్టాల."

* * *

మర్నాడు ఆదివారం. మహేష్‌కి సెలవు లేదు కానీ శ్రీసత్యకి ఒడ్డుకి వెళ్ళాలనిపించింది. పడవ వచ్చే వేళకి మావయ్యకి టీ ఫ్లాస్కులో పట్టుకెళ్ళింది. ఇసుకలో చెప్పులు చేతపట్టుకుని నడవడం, కాలి మెట్టెల కింద తడి ఇసుక నలిగే చప్పుడు, ఇవన్నీ ఇంకా ఆమెకి పండగే.

ఫైబరు పడవని నలుగురూ కలిసి ఇసుక మీదకి లాగారు. చేపల వేలం పాట అయిపోయి డబ్బు చేతికొచ్చాక, పోలిరాజు పడవ నీడలో చతికిలబడ్డాడు. చుట్టూ ముగ్గురు. డీజిలు, ఐసు, సద్దికూడు తెచ్చిన ఖర్చు ముందు తీసేశాడు. మిగిలింది సగం చేశాడు. ఒక సగాన్ని తనతో సహా నలుగురికీ పంచాడు. రెండో సగం పడవది. అందులోంచి కొంత విడిగా మడిచి, ఎప్పటిదో జర్దా డబ్బాలో పెట్టి మూత గట్టిగా నొక్కాడు.

"అదెవరికి మావయ్యా?"

"ఇంజనుకి."

"నిన్ననే బాగు చేయించారు కదా? బాగానే ఉంది కదా?"

కోటి అనే కుర్ర పనివాడు నవ్వాడు. "బాగుంటే వాటా ఉండదేటి వదినా? అది మా అందరికన్నా ఎక్కువ పని సేత్తాది."

"ఆ డబ్బా నాను ముట్టుకోను," అన్నాడు పోలిరాజు, టీ ఊదుకుంటూ. "ఇంట్లో బియ్యం నేకపోయినా ముట్టుకోను. మనుషులంటే నోరుంటాది, తక్కువైతే అడుగుతారు. దానికి నోరు నేదు. అడగనేదని ఎగ్గొట్టకూడదు."

ఆ మాట శ్రీసత్యకి ఎంత నచ్చిందంటే, రాత్రి మహేష్‌కి చెప్పాలని దారి పొడుగునా మనసులో తిప్పుకుంటూ ఇంటికొచ్చింది.

డాబా మీద పోతమ్మ నెత్తళ్ళు ఎండబెడుతోంది. ఎడమ చేత్తో పిడికెడు విసిరి, ముడుచుకున్న కుడి చేతి వెనక భాగంతో వాటిని పలచగా నెరుపుతోంది. ఒకప్పుడు ఈ జాలరి పేటలో అందరికన్నా వేగంగా వంజరం చేపని ముక్కలు కోసిన చెయ్యి అది. శ్రీసత్య ఆ పని చూడలేదు, పేటలో వాళ్ళు చెబితే విన్నది. ఇప్పుడు కత్తిపీట అటక మీద ఉంది.

"అత్తా, ఆ వేళ్ళు ఇక ఎప్పటికీ ఇంతేనా?" అని అడిగేసింది. అడిగాక నాలిక కరుచుకుంది.

పోతమ్మ చెయ్యి ఆగలేదు. "లాయరమ్మ పంపినాది కదా ఎముకల డాక్టరుకాడికి, కేసుకి రాసిమ్మని. ఆయన సూసి, ఆపరేసను సేస్తే మూడు వేళ్ళు కొంత వరకూ తెరుసుకుంటాయన్నాడు. గెట్టిగా కాకపోయినా కత్తిపీట కాడ సేప పట్టుకోవచ్చంట. ఎంత ఆలీసమైతే అంత కష్టమంట."

"మరి మావయ్యకి చెప్పలేదా?"

"సెప్తే ఏటవుద్ది? డబ్బేది? సగం లాయరమ్మకి పోతాదని ముందునుంచీ తెలుసు. మిగిలిన దాన్లో ఇంజను అప్పుంది, వలలున్నాయి, మీరున్నారు. మీకు కొత్త కాపరం." ఒక నెత్తల్ని తీసి, దాని మీద వాలిన ఈగని ఊదింది. "నాకిది అలవాటైపోనాదిలే, సత్తెమ్మా. ఎడం సేత్తోటి ముగ్గు కూడా ఏత్తన్నాను."

శ్రీసత్య చేతిలో ఖాళీ ఫ్లాస్కు ఉంది. దాని మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. బాల్కనీ, క్రేను, చెక్క మీద తన వైపు జరిగిన ఆ చేప అన్నీ కళ్ళ ముందు ఒకసారి తిరిగాయి. నిన్న ఆ చేప తన వైపు వస్తుంటే బుగ్గలు వేడెక్కించుకుని కూర్చుంది తప్ప, చెక్క మీద ఎవరికి చేప లేదో చూడలేదు.

"లాయరుగారికి సగమని ఆవిడ చెప్పలేదు కదత్తా. ఒకసారి అడిగితే?"

"అమ్మో! మీ మావయ్య సంపేస్తాడు. వాటా ఎంతని అడిగినోళ్ళని ఒడ్డు మీద ఎంత సులకనగా సూత్తారో నీకు తెల్దు."

ఆ రాత్రి మహేష్‌కి ఇంజను మాట చెప్పింది, మిగతాది కూడా చెప్పింది. "మా నాన్న ముందు నోరెత్తడం నావల్ల కాదు గానీ, నువ్వు అడుగు," అన్నాడు మహేష్. "కొత్త కోడలివి కదా. నీకు తెలీదనుకుంటారు."

"తెలీకే కదా అడిగేది," అంది శ్రీసత్య, అతని చెవి మెలేస్తూ.

* * *

లాయరమ్మ ఆఫీసు సీతమ్మధారలో, మందుల షాపు పైన మొదటి అంతస్తు. మెట్లు ఎక్కే ముందు పోలిరాజు ఉతికిన చొక్కా గుండీలు మళ్ళీ సరి చూసుకున్నాడు. ఒక చేతిలో కాగితంలో చుట్టిన వంజరం. జేబులో యాభై వేలు, చేపల వ్యాపారి దగ్గర బయానా తెచ్చినవి. నష్టపరిహారం చేతికొచ్చేదాకా లాయరమ్మని ఊరికే ఉంచడం ఆయనకి ఇష్టం లేదు.

"ఇదిగో కోడలా," అన్నాడు రెండో మెట్టు మీద ఆగి, "సదువుకున్నదానివి, ఆర్డరులో ఏముందో అర్థం సేసుకో. లెక్కల మాట ఎత్తకు."

కుసుమకుమారి యలమంచిలి వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. గట్టి గొంతు, గట్టి నవ్వు. నల్ల కోటు కుర్చీ వెనక్కి తగిలించి ఉంది. పోతమ్మని చూడగానే లేచి వచ్చి, పక్కన కూర్చోబెట్టుకుంది.

"చూశారా పోతమ్మగారూ, ఏం రాశారో. కట్టు బిగుసుకుని వేళ్ళు నీలంగా మారుతున్నాయని మీరు చెప్పినా రెండు రోజులు విప్పి చూడకపోవడం ఆసుపత్రి నిర్లక్ష్యమే అన్నారు. మీ తప్పేం లేదన్నారు."

పోతమ్మ తల ఊపింది. ఆ వాక్యాన్ని మళ్ళీ చదవమంది. కుసుమకుమారి మళ్ళీ చదివింది, ఇంకా నెమ్మదిగా.

"డబ్బు మాత్రం రేపే రాదు. పై వినియోగదారుల కమిషన్‌కి అప్పీలు చేసుకోడానికి వాళ్ళకి నలభై అయిదు రోజులుంది. వెళితే ముందు సగం డిపాజిట్ చెయ్యాలి కాబట్టి, కట్టేసి ఊరుకుంటారనే నా అంచనా. ఖాయంగా చెప్పలేను."

పోలిరాజు డబ్బు కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. రెండు చేతులతో, ప్రసాదం పెట్టినట్టు. "ఇదుంచండమ్మా. మిగతాది డబ్బు పడగానే తెత్తాను."

లాయరమ్మ కట్ట వైపు చూసి, ఏదో అడగబోయి ఆగింది.

శ్రీసత్య కాలి మెట్టెని బొటనవేలితో తిప్పింది. పక్కనే మావయ్య. ఎదురుగా ఫ్యాను గాలికి ఎగురుతున్న కోటు చెయ్యి.

"మేడమ్, మీ ఫీజు ఎంత?"

పోలిరాజు మెడ గిర్రున తిరిగింది. "ఒసే పిల్లా..."

కుసుమకుమారి మాత్రం పకపకా నవ్వేసింది. "బతికించావమ్మా! మూడేళ్ళలో మీ ఇంట్లోంచి ఆ మాట అడిగింది నువ్వే. నలభై వేలు. మొదటి రోజే మీ మావయ్యతో చెప్పాను. సగం అప్పుడు ఇచ్చారు, సగం వాదనలప్పుడు ఇవ్వాలి. ఎప్పుడు గుర్తు చేసినా, వల లాగనీయండమ్మా, వల లాగనీయండి అంటారాయన. చేతిలో డబ్బులేదు కాబోలనుకుని ఊరుకున్నాను. పైగా నెల తిరిగేసరికి ఒక చేప. అడుగుదామనుకున్న రోజున ఆ వంజరం ఇగురు తిని అడగలేకపోయేదాన్ని."

"నలభయ్యేనా? అది డీజిలు డబ్బులు కదా?" అన్నాడు పోలిరాజు. గొంతులో మర్యాద పోయి, నిజంగా తెలియనితనం బయటపడింది. "మీ వాటా?"

"ఏం వాటా?"

"సగం. నాలుగు లచ్చలు."

కుసుమకుమారి నవ్వు ఆగిపోయింది. ఆయన నవ్వులాటకి అనడం లేదని అర్థమయ్యాక, కుర్చీ ముందుకి జరుపుకుంది.

"పోలిరాజు గారూ, ఆ నాలుగు లక్షలు ముట్టుకుంటే నా కోటు ఊడబీకేస్తారు. క్లయింటుకి వచ్చిన నష్టపరిహారంలో మేం వాటా పెట్టుకోకూడదు. అది మాకు నిషేధం. గెలిచినా ఓడినా నా ఫీజు అంతే. మీది పడవ లెక్క, నాది కూలి లెక్క అనుకోండి. ఎంత చేప పడ్డా ఆ రోజు కూలి అంతే."

"ఖర్చులు వేరే అన్నారు కదా అప్పుడు."

"అన్నాను. ఫీజు నాకు. ఖర్చులు నాకు కాదు. ఎముకల డాక్టరు చూసి అభిప్రాయం రాసిచ్చినందుకు ఆయనకి, ఆసుపత్రి నుంచి చికిత్స కాగితాల నకళ్ళకి, నోటీసులకి, జిరాక్సులకి. ఇరవై రెండు వేలయింది, నేను పెట్టాను. రసీదులన్నీ ఉన్నాయి, అమ్మాయికి ఇస్తాను, చూసుకోండి. కమిషన్ ఖర్చుల కింద ఇమ్మన్న ఇరవై వేలు కూడా పోతమ్మగారికే వస్తాయి, నాకు కాదు. అన్ని ఖర్చులకీ సరిపోవనుకోండి, ఎప్పుడూ సరిపోవు."

పోలిరాజు ముఖం నల్లబడింది. "అంటే మూడేళ్ళు మీ డీజిలుతోటి తిప్పినారా పడవ? మమ్మల్ని కూకోబెట్టుకుని?"

ఆయనకి అన్నిటికన్నా అదే తగిలినట్టుంది. కట్ట విప్పాడు. వేళ్ళు తడి చేసుకుని ఖర్చుల డబ్బు ముందు తీసి పెట్టాడు. తర్వాత ఫీజులో మిగిలిన సగం. ఎనిమిది వేలు మిగిలాయి. వాటిని కూడా ముందుకి తోశాడు.

"ఇదైనా ఉంచండి. నేకపోతే మీరు మా పడవ మనిషి కాదన్నట్టుంటాది."

కుసుమకుమారి ఆ ఎనిమిది వేలని తీసి పోతమ్మ ఎడమ చేతిలో పెట్టింది. "చేప ఉంచుకుంటాను, చాలు. ఇంకో మాట ఇప్పుడే చెబుతున్నాను. వాళ్ళు అప్పీలుకి వెళితే అది వేరే పని, దానికి వేరే ఫీజు. ఎంతో ముందే కాగితం మీద రాసి ఇస్తాను. అప్పుడు మాత్రం వల లాగనీయమనకండి."

శ్రీసత్య నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. పోతమ్మ నవ్వలేదు. ఎనిమిది వేలని కొంగులో ముడివేసుకుంటోంది, ఎడమ చెయ్యి, పళ్ళూ కలిపి.

* * *

బస్సులో పోలిరాజు కిటికీ పక్కన కూర్చున్నాడు. శ్రీసత్య వెనక సీట్లో కూర్చుని, తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని ఆయన మెడ వైపే చూసింది. పేట స్టాపులో దిగాక ఆయన అన్నది ఒకే మాట: "రేపటి నుంచి పడవ కాడికి టీ నువ్వే తే. ఆ కోటిగాడు సల్లార్సి తెత్తన్నాడు."

అది తిట్టు కాదని అర్థమయ్యేసరికి ఆమె ఇంటి గడప దగ్గరికి వచ్చేసింది. ఆనందం పట్టలేక పిల్లికి పొద్దుటి చేప తలకాయ మొత్తం పెట్టేసింది.

మహేష్ డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేస్తున్నాడు. పోలిరాజు చెక్కని దగ్గరికి లాక్కున్నాడు. గిన్నెలోంచి మళ్ళీ ఎనిమిది చేపలు పరిచాడు. మొన్నటిలాగే ఇంజను అప్పు, వలలు, పిల్లల ఇల్లు పక్కకి జరిగాయి. లాయరమ్మవి నాలుగూ మధ్యలో మిగిలాయి. వాటిని చూస్తుంటే ఆయన కళ్ళలో మెల్లగా వెలుగొచ్చింది.

"అప్పు తీర్చడం కాదే. కొత్త ఇంజనే ఎత్తుదాం. పెద్దది. అది బిగిస్తే లోపలికి ఎంత దూరమైనా..."

పోతమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. కొంగు కింద నుంచి కుడి చెయ్యి తీసింది. ఆ ముడుచుకున్న చేతిని చెక్క మీద, నాలుగు చేపల పక్కన పెట్టింది. చేపలకి ఎంత చోటు కావాలో అంత చోటే తీసుకుంది అది.

"దీనికేది?"

"దేనికి?"

"పడవకి వాటా తీసినావు. వలకి తీసినావు. ఇంజనుకి పాతదానికోసారి, కొత్తదానికోసారి తీసినావు. ఈ ఎనిమిదీ ఎక్కడ పడ్డాయి? ఈ సెయ్యి ఎరగా ఏస్తేనే కదా పడ్డాయి. దీనికి వాటా నేదేటి?"

పోలిరాజు చేతులు చేపల మీద నుంచి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంజనుకి నోరు నేదని అడక్కుండానే ఇత్తావు. నాకు నోరుండి అడగనేదని ఎగ్గొట్టీసినావా?"

గొంతు పెంచలేదు. చేపలు పాడవుతున్నాయి, కూర ఎప్పుడు వండాలి అన్నంత మామూలుగా అంది. స్నానాలగదిలో చెంబు చప్పుడు ఆగింది. శ్రీసత్య పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది.

పోతమ్మ అప్పుడు చెప్పింది ఎముకల డాక్టరు మాట. ఆపరేషను మాట, మూడు వేళ్ళ మాట, ఆలస్యమైతే కష్టమన్న మాట. మొగుడి వైపు చూడకుండా, చేతి వైపే చూస్తూ చెప్పింది.

పోలిరాజు వంగి ఆ చెయ్యి అందుకున్నాడు. తాడు బిగుసుకుపోయిన కప్పీని చూసినట్టు, ఒక్కో వేలినీ పట్టుకుని కొంచెం తెరవబోయాడు. చిటికెన వేలి దగ్గర పోతమ్మ కళ్ళు చిట్లించింది. ఆయన వెంటనే ఆపేశాడు.

"వేళ్ళు సల్లగున్నాయేటే."

"కట్టిప్పిన కాడినుంచీ సల్లగానే ఉన్నాయి."

ఆయన ఆ చేతిని మెల్లగా చెక్క మీద పెట్టాడు. తర్వాత మధ్యలో ఉన్న నాలుగు చేపలనీ ఒక్కొక్కటిగా ఆమె చేతి పక్కకి జరిపాడు. అది చూసి శ్రీసత్య పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. చెక్క చివర తమ వాటాగా ఉన్న చేపని కూడా తీసి అక్కడే పెట్టింది. అప్పుడే తుండు భుజాన వేసుకుని బయటికొచ్చిన మహేష్ అది చూసి, ఏం జరిగిందో అడక్కుండానే తల ఊపాడు. బాల్కనీ ఎక్కడికీ పోదు. క్రేన్లు డాబా మీద నుంచి కూడా కనిపిస్తాయి, మెడ కొంచెం సాచితే.

"అన్నీ ఎందుకు?" అంది పోతమ్మ. "ఎంతవుద్దో తెలీకుండా అన్నీ నాకాడెట్టీసి, ఏటి సేసుకోను?"

"ఆ డబ్బొచ్చేసరికి నెలలవుద్ది కదా," అన్నాడు పోలిరాజు. "అప్పటి దాకా..."

"అప్పటి దాకా ఊరుకోను. లాయరమ్మ తిరిగిచ్చింది నా కొంగులోనే ఉంది, డాక్టరు సూడ్డానికి సాలు." చేపలను గిన్నెలోకి ఎత్తుకుంటూ లేచింది. ఈసారి ఎడమ చేత్తో ఊడ్చెయ్యలేదు. కుడి చేతిని గిన్నె కింద ఆసరాగా పెట్టింది. "సత్తెమ్మా, రేపు నెత్తళ్ళు ఎండెయ్యకు. పొద్దున్నే టిఫినెట్టీసి తయారవ్వు, ఎముకల డాక్టరుకాడికి ఎల్దాం. అయ్యా, నువ్వూ రా, రేపు పడవ దించకు. కానీ లోపల నువ్వు మాటాడొద్దు. ఎల్లగానే ముందు, ఫీజెంతని నానే అడుగుతాను."